ఆరు బద్దల గాలపు కర్ర: కలకత్తా రేవు నుంచి మొదలైన వెదురు కథ

ట్రౌట్ చేపల వేటకు పాశ్చాత్యులు తయారు చేసుకున్న వెదురు ఫ్లై రాడ్‌లో తొలినాళ్లలో వాడింది మన దేశపు వెదురే. అర్ధ శతాబ్దం గడిచాక దాని చోటును చైనా వెదురు తీసుకుంది. ఎందుకు?

ఎండిన వెదురు ముక్కను సన్నపళ్ల రంపంతో అడ్డంగా కోయండి. కోసిన ముఖాన్ని గరుకు కాగితంతో నున్నగా రుద్ది, వెలుతురులో పట్టుకుని చూడండి. లేత పసుపు రంగు మీద ముదురు చుక్కలు కనిపిస్తాయి. లోపలి డొల్ల వైపు ఆ చుక్కలు పెద్దవిగా, ఎడంగా ఉంటాయి. బయటికి వచ్చేకొద్దీ చిన్నవై ఒత్తుగా చేరుతాయి. పై తొక్క కింద అవి ఒకదానికొకటి ఆనుకుని ముదురు పట్టీలా కనిపిస్తాయి. భూతద్దం ఉంటే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

ఆ చుక్కలు నాళికా పుంజాలు. మొక్కలో నీటిని, ఆహారాన్ని మోసే గొట్టాలు వాటిలో ఉంటాయి. ఆ గొట్టాల చుట్టూ గట్టి నారల కట్టలు కాపలాగా నిలుస్తాయి. వెదురు బలమంతా ఈ నారల్లోనే ఉంది. పెద్ద వెదురు జాతులపై చేసిన కొలతల్లో బయటి అంచున నారల వాటా 60 శాతం దాకా ఉంటే, లోపలి అంచున అది 20 శాతానికి మించలేదు. నార కట్టల యంగ్ గుణకం, అంటే సాగదీతకు లొంగని గుణం, 40 గిగాపాస్కల్స్‌కు పైనే. వాటి మధ్యనున్న మృదు కణజాలానిది 2 గిగాపాస్కల్స్ మాత్రమే. ఉక్కుది 200. కానీ ఉక్కు చాలా బరువు. బరువుతో భాగించి పోలిస్తే వెదురు నార ఉక్కుతో పోటీకి నిలబడుతుంది.

వెదురు బుట్టలు అల్లే మేదరులకు ఈ అంకెలతో పని లేకుండానే సంగతి తెలుసు. కత్తితో బద్దను పొరలుగా చీల్చేటప్పుడు పై పొరను ఒక పనికి, లోపలి మెత్తని పొరను మరో పనికి వేరు చేస్తారు. 19వ శతాబ్దంలో అమెరికాలో ఒక తుపాకుల మేస్త్రీ ఇదే తేడాను పట్టుకుని చేపల వేటకు కొత్త రకం కర్రను తయారు చేశాడు. ఆ కర్ర చరిత్రలో పదార్థ విజ్ఞానం, వృక్షశాస్త్రం, వ్యాపారం, యుద్ధం కలగలిసి ఉన్నాయి.

బరువు లేని ఎరను విసరడం ఎలా?

ముందుగా ఫ్లై ఫిషింగ్ అంటే ఏమిటో చూద్దాం. మన చెరువు గట్ల మీద కనిపించే గాలానికి వానపామో పిండి ముద్దో గుచ్చి, దారానికి ఒక సీసపు గుండు కట్టి నీటిలోకి విసురుతారు. గుండు బరువు దారాన్ని తనతో లాక్కుపోతుంది. ట్రౌట్ చేప తీరు వేరు. చల్లని కొండ వాగుల్లో తిరుగుతూ నీటి మీద వాలే పురుగులను అందుకుంటుంది. దాన్ని మోసం చేయాలంటే ఈకలు, పట్టు దారంతో కొక్కేనికి చుట్టిన నకిలీ ఈగ కావాలి. ఆ ఈగకు బరువు ఉండదు. గుండు కడితే మునిగిపోతుంది. చేతితో విసిరితే ముందే పడుతుంది.

అందుకని ఇక్కడ బరువు దారానికే ఇస్తారు. ఇప్పుడు ఎక్కువగా వాడే మధ్యరకం ఫ్లై లైన్‌లో మొదటి 9 మీటర్ల బరువు సుమారు 9 గ్రాములు. కర్రను వెనక్కి ఊపినప్పుడు దారం వెనుక గాలిలో చాచుకుంటుంది. ముందుకు ఊపగానే ఆ దారం బరువుకు కర్ర వంగి శక్తిని దాచుకుంటుంది. చేయి ఆగిన క్షణంలో కర్ర తిరిగి నిటారై ఆ శక్తిని దారానికి అప్పగిస్తుంది. దారం ఒక మడత వేసుకుని ముందుకు దొర్లుతుంది. మడత ముందుకు పోయేకొద్దీ కదిలే భాగం తగ్గుతూ వస్తుంది కాబట్టి మిగిలిన శక్తి చివరి కొద్ది దారంలోకి చేరుతుంది. కొరడా ఝళిపించినప్పుడు జరిగేదీ ఇదే. చివరన ఈగ మెల్లగా నీటి మీద వాలుతుంది.

అంటే ఈ కర్ర చేప బరువును మోస్తే సరిపోదు. స్ప్రింగులా వంగాలి, వెంటనే తేరుకోవాలి, తేరుకున్నాక ఊగులాడకూడదు, గంటల తరబడి పట్టుకున్నా చేయి నొప్పి పుట్టనంత తేలికగా ఉండాలి. 19వ శతాబ్దం మధ్య దాకా ఐరోపాలో, అమెరికాలో ఈ పనికి యాష్, హికరీ కలపలను, గయానా నుంచి వచ్చే గ్రీన్‌హార్ట్ అనే బరువైన కలపను వాడేవారు. కర్రలు కొన్ని నాలుగైదు మీటర్ల పొడవుండేవి. రెండు చేతులతో తప్ప ఊపలేనంత బరువు.

తుపాకుల మేస్త్రీ ప్రయోగం

వెదురును చీల్చి, బద్దలను మళ్లీ అతికించి కర్ర చేయాలన్న ఆలోచన ఎవరిదన్న వాదన ఇంగ్లండ్, అమెరికాల మధ్య చాలాకాలం నడిచింది. ఇంగ్లండ్‌లో 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లోనే చీల్చి అతికించిన వెదురును కర్ర కొసలకు వాడిన దాఖలాలున్నాయి. అయితే ఇప్పటి రూపానికి దారి వేసినవాడిగా ఎక్కువమంది చెప్పేది శామ్యూల్ ఫిలిప్పి పేరు. ఆయన పెన్సిల్వేనియాలోని ఈస్టన్ పట్టణంలో తుపాకులు బాగుచేసేవాడు, వయొలిన్లు కూడా తయారు చేసేవాడు. 1840ల మధ్యలో వెదురు బద్దలను కోణాలుగా చెక్కి, గట్టి తొక్క భాగం బయటికి వచ్చేలా అతికించాడు.

ఇందులోని తర్కం డిగ్రీలో భౌతికశాస్త్రం చదివిన వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. మీటరు స్కేలు ఒక కొసను బల్ల అంచుకు బిగించి, రెండో కొసకు బరువులు వేలాడదీసి, ఎంత వంగిందో సూక్ష్మదర్శినితో చూసి యంగ్ గుణకాన్ని లెక్కగట్టే కాంటిలీవర్ ప్రయోగం ల్యాబులో అందరం చేసిందే. కర్ర వంగినప్పుడు పై ఉపరితలం సాగుతుంది, కింది ఉపరితలం కుంచించుకుంటుంది. మధ్యలో ఒక పొర సాగదు, కుంచించుకోదు. ఒత్తిడి ఎక్కువగా పడేది ఉపరితలం మీద. కాబట్టి బలమైన పదార్థం బయట ఉండాలి. వెదురు సహజంగానే అలా పెరుగుతుంది, కాకపోతే గొట్టంలా ఉంటుంది. దాన్ని చిటికెన వేలంత సన్నగా చేయాలంటే గొట్టాన్ని చీల్చి, బలమైన చర్మాన్ని మాత్రమే తీసుకుని, దానితో మరో సన్నని కర్రను కట్టాలి.

తొలి ప్రయత్నాల్లో నాలుగు బద్దలు వాడారు. తర్వాత ఆరు స్థిరపడ్డాయి. ఒక్కో బద్దను 60 డిగ్రీల సమబాహు త్రిభుజంగా చెక్కితే ఆరు కలిసి 360 డిగ్రీల షడ్భుజి అవుతుంది. షడ్భుజిని ఏ దిశలో వంచినా ఒకేలా వంగుతుంది కాబట్టే ఆరును ఎంచుకున్నారని కొన్నిచోట్ల రాస్తుంటారు. అది పూర్తి కారణం కాదు. చతురస్రమైనా, పంచభుజి అయినా, ఏ క్రమ బహుభుజి కొయ్య అయినా వంపును అన్ని దిశల్లోనూ సమానంగానే ఎదుర్కొంటుంది. అసలు కారణం చేతిపనిలో ఉంది. వెదురు పై తొక్క గుండ్రంగా ఉంటుంది. నాలుగే బద్దలైతే ఒక్కొక్కటి వెడల్పుగా ఉండాలి, వెడల్పు పెరిగితే ఆ గుండ్రాన్ని చదును చేయడంలో మంచి నార కొంత చిత్రికకు పోతుంది. ఎనిమిదైతే కొస దగ్గర బద్దలు దారాల్లా మారి చేతికి చిక్కవు, జిగురు గీతలు కూడా పెరుగుతాయి. ఆరు మధ్యేమార్గం.

ఫిలిప్పి తర్వాత న్యూజెర్సీలో చార్లెస్ మర్ఫీ లాంటి వాళ్లు ఈ పనిని అమ్మకం దాకా తీసుకెళ్లారు. ఆ కాలపు కర్రలను చాలావరకు చివర్లో గుండ్రంగా చెక్కేవారు. గాలపు కర్ర అంటే గుండ్రంగా ఉండాలన్న అలవాటు అది. కానీ మూలలు చెక్కినప్పుడు పోయేది సరిగ్గా ఆ ఒత్తైన నారల పొరే. దేనికోసం వెదురును ఎంచుకున్నారో దాన్నే చెక్కి పారేసినట్టు. షడ్భుజిని షడ్భుజిగానే వదిలేయాలని తెలుసుకోవడానికి కొన్నేళ్లు పట్టింది.

కలకత్తా అనేది అడవి పేరు కాదు

ఆ వెదురు ఎక్కడిది? అప్పటి తయారీదారులు దాన్ని 'కలకత్తా కేన్' అనేవారు. కలకత్తాలో వెదురు తోటలున్నాయని కాదు, ఓడ ఎక్కింది అక్కడ. ఎక్కువమంది నిపుణుల అభిప్రాయంలో అది డెండ్రోకలామస్ స్ట్రిక్టస్ అనే జాతి. తెలుగులో సాధనపు వెదురు అంటాం. పొడి నేలల్లో పెరిగినప్పుడు దీని లోపలి డొల్ల బాగా సన్నబడి, కర్ర దాదాపు గట్టి కొయ్యలా తయారవుతుంది. పోలీసు లాఠీలకు, ఒకప్పటి గుర్రపు దళాల బల్లేలకు దీన్ని వాడింది అందుకే. తూర్పు కనుమల్లో, ఆదిలాబాద్ అడవుల్లో ఇది విస్తారంగా పెరుగుతుంది.

అమెరికా చేరిన ఈ కర్రల మీద రెండు ఫిర్యాదులు తరచుగా ఉండేవి. ఒకటి, కాల్చిన మచ్చలు. వంకర కర్రకు మంట చూపించి నిటారు చేయడం మన దగ్గర పాత పద్ధతి. లాఠీకి అది ఇబ్బంది కాదు. కానీ మిల్లీమీటరు మందపు బద్దలో కాలిన చోటు విరిగే చోటవుతుంది. రెండోది, పుచ్చు. వెదురులో పిండిపదార్థం ఎక్కువ. దానికోసం పొడి చేసే పురుగులు చేరి, పైకి బాగానే కనిపించే కర్రను లోపల తొలిచేస్తాయి. నరికిన వెదురును కొన్ని వారాలు నీటిలో నానబెట్టి పిండిని కరిగించే అలవాటు మన ఊళ్లలో ఉన్నదే. రేవు దాకా వచ్చిన సరుకుకు అది జరిగిందో లేదో కొనేవాడికి తెలిసే దారి లేదు.

ఇక్కడే అసలు చిక్కు. కలకత్తా కేన్ అనే పేరులో జాతి లేదు, కొండ లేదు, వయసు లేదు. వెదురుకు చెట్టులా ఏటేటా లావెక్కే లక్షణం ఉండదు. మొలక ఎంత లావున నేలలోంచి వస్తుందో జీవితాంతం అంతే. కొన్ని నెలల్లో పూర్తి ఎత్తుకు ఎదుగుతుంది. ఆ తర్వాత మూడు నాలుగేళ్ల పాటు లోపలి నారల గోడలు మందమవుతూ గట్టిపడతాయి. కాబట్టి ఏడాది వయసు కర్ర, నాలుగేళ్ల కర్ర పైకి ఒకేలా కనిపించినా బలంలో చాలా తేడా ఉంటుంది. ఆ తేడా తెలిసింది దాన్ని నరికిన మనిషికి. ఆ మనిషి పేరు గానీ, అతనికి తెలిసిన సంగతి గానీ ఓడ ఎక్కలేదు.

తాళం వేసిన గది

1870ల తొలి రోజుల్లో అమెరికా ఈశాన్య మూలనున్న బాంగోర్ పట్టణంలో హైరమ్ లెనార్డ్ అనే వ్యక్తి ఈ రంగంలోకి వచ్చాడు. ఆయనకూ తుపాకుల పని తెలుసు, అడవులు తెలుసు, ఇంజనీరింగ్ తెలుసు. ఆరు బద్దల కర్రను ఇంటి పని నుంచి పరిశ్రమగా మార్చింది ఆయనే. బద్దలను కోణంతో, కొసకు పోయేకొద్దీ సన్నబడేలా కోసే ఒక యంత్రాన్ని తయారు చేశాడు. నీళ్లు చొరబడని లోహపు జోడింపు గొట్టానికి 1875లో పేటెంటు తీసుకున్నాడు. 1881లో కర్మాగారం న్యూయార్క్ రాష్ట్రంలోని సెంట్రల్ వ్యాలీకి మారింది.

కోత యంత్రం మాత్రం రహస్యం. దాన్ని వేరే గదిలో పెట్టి తాళం వేసేవారు. ఎందుకంత జాగ్రత్త? ఒక లెక్క చూడండి. కర్ర బిరుసుతనం దాని మందం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. మందం రెట్టింపైతే బిరుసు 16 రెట్లు. ఫ్లై రాడ్ కొస దగ్గర మందం సుమారు 1.8 మిల్లీమీటర్లు. అక్కడ అంగుళంలో వెయ్యో వంతు, అంటే 0.025 మిల్లీమీటరు తేడా వస్తే మందంలో అది 1.4 శాతమే. బిరుసులో దాదాపు 6 శాతం. మన తల వెంట్రుక మందం కన్నా తక్కువ తేడా చేతికి తెలిసిపోతుంది. ఎక్కడ ఎంత మందం ఉండాలో చెప్పే ఆ అంకెల వరుసే అసలు ఆస్తి.

రహస్యం ఎక్కువకాలం నిలవలేదు. లెనార్డ్ దగ్గర పని నేర్చుకున్న ఎడ్ పేన్, ఫ్రెడ్ థామస్, యూస్టిస్ ఎడ్వర్డ్స్ లాంటి వాళ్లు ఒక్కొక్కరే బయటికి వచ్చి సొంత పేర్లతో కర్రలు తయారు చేశారు. అట్లాంటిక్ అవతల ఇంగ్లండ్‌లోని ఆనిక్ పట్టణంలో 1872లో మొదలైన హార్డీ సోదరుల సంస్థ కూడా ఆరు బద్దల కర్రలను పెద్ద ఎత్తున తయారు చేసింది. అదే రోజుల్లో మన దేశంలో ఇంగ్లిష్ అధికారులకు ఈ సరదా బాగా పట్టింది. మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన హెన్రీ సలివాన్ థామస్ 1873లోనే మన నదుల్లోని చేపల వేట మీద 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే పుస్తకం వేశాడు. 1900లో కశ్మీరుకు, ఆ తర్వాత కొన్నేళ్లకు నీలగిరులకు ట్రౌట్ చేపలను తెచ్చి వాగుల్లో వదిలారు.

టోంకిన్ కాని టోంకిన్

19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో తయారీదారుల చేతికి మరో వెదురు అందింది. కణుపులు ఉబ్బెత్తుగా లేకుండా, కణుపుకూ కణుపుకూ మధ్య దూరం ఎక్కువగా, నిటారుగా ఉండేది. తొక్క కింద నారల పొర మందంగా ఉండేది. వ్యాపారులు దానికి 'టోంకిన్ కేన్' అని పేరు పెట్టారు. కొన్ని దశాబ్దాల్లోనే కలకత్తా కేన్ మంచి కర్రల తయారీ నుంచి దాదాపు కనుమరుగైంది.

టోంకిన్ అంటే ఉత్తర వియత్నాం. కానీ ఈ వెదురు అక్కడిది కాదు. మళ్లీ వ్యాపారపు పేరే. దాని అసలు చిరునామాను శాస్త్రలోకానికి చెప్పింది ఫ్లాయిడ్ మెక్‌క్లూర్ అనే అమెరికన్ వృక్షశాస్త్రజ్ఞుడు. ఆయన కాంటన్‌లోని లింగ్నాన్ విశ్వవిద్యాలయంలో రెండు దశాబ్దాలు పనిచేశాడు. దక్షిణ చైనాలో గ్వాంగ్‌డాంగ్, గ్వాంగ్‌షీ సరిహద్దు కొండల్లో, సుయి నది లోయలో ఇది సాగవుతోందని గమనించి, 1931లో దీనికి అరుండినేరియా అమాబిలిస్ అని శాస్త్రీయ నామం పెట్టాడు. అమాబిలిస్ అంటే లాటిన్‌లో ముద్దొచ్చేది అని అర్థం. ఇప్పుడు దీన్ని సూడోసాసా అమాబిలిస్ అంటున్నారు. అంటే దశాబ్దాల పాటు ప్రపంచంలోని మేటి కర్రలన్నీ శాస్త్రంలో ఇంకా పేరు లేని మొక్కతో తయారయ్యాయి.

ఆ లోయలో రైతులు ఈ వెదురును పంటగా పెంచుతారు. సుమారు 12 మీటర్ల ఎత్తు పెరిగే కర్రల్లో వయసు చూసి ముదిరినవే నరుకుతారు. నది ఒడ్డున ఇసుకతో రుద్ది కడుగుతారు. ఎండబెట్టి, పరిమాణం ప్రకారం విడదీసి కట్టలు కడతారు. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో దీర్ఘకాలం పనిచేసిన లూయిస్ మార్డెన్ స్వయంగా ఆ లోయకు వెళ్లి చూసి, 1997లో దీని మీద ఒక పుస్తకమే రాశాడు.

కలకత్తా కేన్ ఎందుకు ఓడిపోయిందో నాకు అర్థమైనంతలో కారణం ఇక్కడుంది. టోంకిన్ నారల పొర ఈ పనికి మెరుగైనదే, అందులో సందేహం లేదు. కానీ తేడా అంతా మొక్కలో లేదు. ఒకవైపు ఒకే లోయ, ఒకే జాతి, వయసు చూసి నరికిన, కడిగి ఆరబెట్టి ఏరిన సరుకు. మరోవైపు ఏ అడవిదో తెలియని, కాలిన, పుచ్చు పట్టిన, కలగలిపిన సరుకు. కొనేవాడు వంద కర్రలు తెప్పిస్తే ఎన్ని పనికొస్తాయన్నది ఆ వ్యాపారంలో అతి ముఖ్యమైన అంకె.

బద్ద కర్రగా మారేదిలా

ఇప్పటికీ చేతితో తయారు చేసేవాళ్లు దాదాపు అదే వరుస పాటిస్తారు. ముందు 3.6 మీటర్ల వెదురును చీలుస్తారు. రంపం వాడరు. రంపం గీసిన గీతమీద పోతుంది, చీలిక నార వెంట పోతుంది. నార మధ్యలో తెగకుండా కొస దాకా కొనసాగితేనే బద్దకు పూర్తి బలం. కణుపు దగ్గర నారలు మెలిక తిరుగుతాయి కాబట్టి అక్కడ వేడిచేసి, పట్టకారుతో నొక్కి చదును చేస్తారు. ఆరు బద్దల కణుపులు ఒకే చోట పడకుండా అటూ ఇటూ జరిపి పేరుస్తారు.

తర్వాత పొయ్యి. బద్దలను గట్టిగా కట్టి సుమారు 175 నుంచి 190 డిగ్రీల సెల్సియస్ వేడిలో కొద్ది నిమిషాలు ఉంచుతారు. నారల్లో ఇంకిన తేమ పోతుంది. తేమను పట్టుకునే హెమిసెల్యులోజ్ కొంత విచ్ఛిన్నమవుతుంది. బద్ద బిరుసెక్కుతుంది, వంచి వదిలితే త్వరగా తేరుకుంటుంది. వేడి కాస్త ఎక్కువైతే పెళుసైపోతుంది. ఈ దశలో పాడైన బద్దను బాగుచేయడానికి వీలుండదు.

ఆపైన చిత్రిక పని. రెండు ఉక్కు కడ్డీలను పక్కపక్కన బిగిస్తే మధ్యలో 60 డిగ్రీల గాడి ఏర్పడుతుంది. ప్రతి 5 అంగుళాలకు ఒక మర ఉంటుంది. మరలు తిప్పి ఆ చోట గాడి లోతును అంగుళంలో వెయ్యో వంతు దాకా సరిచేయొచ్చు. బద్దను గాడిలో పడుకోబెట్టి, రెండు పక్కలనే చిత్రిక పడతారు. తొక్క వైపు ముట్టుకోరు. కొస దగ్గర బద్ద మందం మిల్లీమీటరు కన్నా తక్కువ. ఆరింటినీ అతికించి, దారంతో బిగుతుగా చుట్టి ఆరనిస్తారు.

చాలాకాలం వాడింది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసిన సరేసు జిగురు. మన వడ్రంగులకూ తెలిసిందే. పట్టు గట్టిదే కానీ తడి తగిలితే మెత్తబడుతుంది. వాగులో వాడే వస్తువుకు అది పెద్ద లోపం. పాత కర్రల మీద అంగుళానికొక పట్టు దారపు చుట్టు కనిపించేది అందం కోసం కాదు, జిగురు వదిలినా బద్దలు విడిపోకుండా. 20వ శతాబ్దం మధ్యలో నీటిని తట్టుకునే కృత్రిమ జిగురులు వచ్చాక ఆ చుట్లు తగ్గాయి. 1940ల్లో ఓర్విస్ సంస్థలో వెస్ జోర్డాన్ వెదురులోకే బేకలైట్ రెసిన్‌ను ఇంకించే పద్ధతి తెచ్చాడు.

తాళం తీసిన ఇంజనీరు

మందం అంకెలు తాతల నాటి గుర్తులుగా, కర్మాగారపు రహస్యాలుగా ఉన్నంతకాలం కొత్తవాళ్లకు ఉన్న దారి పాత కర్రను కొలిచి నకలు తీయడమే. ఎవరెట్ గారిసన్ అనే న్యూయార్క్ ఇంజనీరు 1930ల నుంచి ఈ పని మీద కూర్చుని, కర్రను వంతెనలా చూశాడు.

ఆయన పద్ధతి సూటిగా ఉంటుంది. కొస నుంచి ప్రతి 5 అంగుళాల దగ్గర దారం బరువు, కర్ర బరువు, జోడింపు గొట్టాల బరువు కలిసి ఎంత వంచే ప్రభావం చూపుతాయో లెక్కించాలి. ఊపులో బలాలు పెరుగుతాయి కాబట్టి దాన్ని నాలుగుతో హెచ్చించాలి. ఆ చోట వెదురు మీద ఎంత ఒత్తిడి పడాలో మనమే నిర్ణయించుకోవాలి. షడ్భుజి కర్రలో ఒత్తిడి అంటే వంచే ప్రభావాన్ని మందం ఘనంతో, 0.12తో భాగించగా వచ్చేది. తిరగేస్తే మందం ఒక ఘనమూలంగా బయటికి వస్తుంది. ఒక చోటికన్నా మరో చోట వంచే ప్రభావం 8 రెట్లుంటే అక్కడ మందం రెట్టింపు చాలు, ఒత్తిడి మారదు. అలా గీసిన ఒత్తిడి వక్రరేఖను మారిస్తే కర్ర స్వభావం మారుతుంది. కొస దగ్గర ఎక్కువ వంగే కర్ర కావాలా, పిడి దాకా వంగేది కావాలా అన్నది కాగితం మీదే తేలిపోతుంది.

కాలిఫోర్నియాలో పావెల్, స్టోనర్ అనే తయారీదారులు ఇదే లెక్కలో మరో ముక్కను 1930ల్లో వాడుకున్నారు. కర్ర మధ్యలో సగం మందం మేరకు తీసేస్తే బరువు నాలుగో వంతు తగ్గుతుంది. బిరుసు తగ్గేది పదహారో వంతే. వెదురులో లోపలి నారలు ఎలాగూ పలచన కాబట్టి నష్టం ఇంకా తక్కువ. గొట్టాన్ని చీల్చి గట్టి కర్ర చేసినవాళ్లు తిరిగి గొట్టం దగ్గరికే వచ్చారన్నమాట.

గారిసన్ 1975లో చనిపోయాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న హోగీ కార్‌మైకేల్ ఆ లెక్కలు, పనిముట్ల బొమ్మలు, కొలతలన్నీ కలిపి 1977లో ఇద్దరి పేర్ల మీద పుస్తకంగా తెచ్చాడు. లెనార్డ్ తాళం వేసిన గదిలో దాచిన సంగతి వందేళ్లకు ఎవరైనా కొనుక్కుని చదవగల పుస్తకమైంది.

1950లో ఆగిన ఓడలు

ఆ పుస్తకం వచ్చేనాటికి వెదురు కర్రల పరిశ్రమ దాదాపు ముగిసిపోయింది. కొరియా యుద్ధం నేపథ్యంలో 1950 డిసెంబరులో అమెరికా చైనాతో వ్యాపారాన్ని పూర్తిగా నిలిపేసింది. ఒకే లోయ మీద ఆధారపడిన పరిశ్రమకు ముడిసరుకు ఒక్కసారిగా ఆగింది. గోదాముల్లో నిల్వలున్నవాళ్లు పొదుపుగా వాడుకున్నారు. మిగిలినవాళ్లకు అప్పటికే మరో దారి తయారైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గాజు నారలను రెసిన్‌తో కలిపిన ఫైబర్‌గ్లాస్ కర్రలు మార్కెట్లోకి వచ్చాయి. చవక, నీటికి చెడవు, వేల సంఖ్యలో ఒకేలా తయారవుతాయి. 1971లో వాణిజ్య నిషేధం సడలేనాటికి కొనేవాళ్ల అలవాటే మారిపోయింది. 1960ల్లో బ్రిటన్‌లోని ఫార్న్‌బరోలో విమానాల కోసం అభివృద్ధి చేసిన కార్బన్ నార 1970ల తొలి సగంలో గాలపు కర్రల్లోకి వచ్చి, మిగిలిన చోటునూ తీసుకుంది.

గాజు నార అయినా కార్బన్ నార అయినా సూత్రం కొత్తది కాదు. గట్టి నారలు, వాటిని పట్టి ఉంచే మెత్తని పదార్థం, మధ్యలో డొల్ల. వెదురు గెడ నిర్మాణమూ అదే. ఒక్క తేడా ఉంది. కార్ఖానాలో ప్రతి నార ఎక్కడిదో, బలమెంతో కాగితం మీద ఉంటుంది.

ఈ రోజు వెదురు ఫ్లై రాడ్ తయారు చేసేవాళ్లు ప్రపంచంలో తక్కువమందే. ఒక్క కర్రకు నలభై గంటలకు పైనే పడుతుంది కాబట్టి ఖరీదూ ఎక్కువే. అయినా పని బతికి ఉంది. అంకెలు పుస్తకంలోకి చేరడం అందుకు ఒక కారణం.

మన అడవుల్లో వెదురుకు కొదవ లేదు. భారత అటవీ సర్వే లెక్కల ప్రకారం దేశంలో వెదురు ఉన్న విస్తీర్ణం సుమారు ఒకటిన్నర కోట్ల హెక్టార్లు, జాతులు 136. కాగజ్‌నగర్, రాజమహేంద్రవరం మిల్లుల్లో సాధనపు వెదురు దశాబ్దాల పాటు కాగితపు గుజ్జుగా మారింది. 1927 నాటి అటవీ చట్టం వెదురును చెట్టుగా లెక్కగట్టడంతో పట్టా భూముల్లో పెంచినవాళ్లకు కూడా నరకడం, తరలించడం కష్టంగా ఉండేది. 2017 సవరణతో అడవి బయట పెరిగే వెదురుకు ఆ చిక్కు తొలగింది. వెదురు బలాన్ని ఎలా పరీక్షించాలో ఐఎస్ 6874 అనే భారతీయ ప్రమాణం చెబుతోంది. ఇళ్లకు, బల్లలకు, గచ్చుకు బద్దలను అతికించి చేసే ఇంజనీర్డ్ వెదురు మీద ఆసక్తి పెరుగుతోంది. సాంకేతికంగా అది ఫిలిప్పి చేసిన పనికి పెద్ద రూపం. చీల్చడం, తేమ తీయడం, నార వెంట పేర్చడం, అతికించడం.

గాలపు కర్రలను ఇప్పుడు మనం తిరిగి గెలుచుకోవాల్సిన అవసరమేమీ లేదు. కానీ రేపు ఒక కొండ ఊరి నుంచి వెదురు లారీ ఎక్కినప్పుడు దాంతోపాటు మూడు సంగతులు వెళ్తే చాలు. ఏ జాతి, ఏ కొండ, ఎన్నేళ్ల వయసు. నరికేవాడికి ఆ మూడూ తెలుసు. నూట యాభై ఏళ్ల కిందటా తెలుసు. అప్పుడు ఎవరూ అడిగి రాసుకోలేదు.